పరాయి పుటల్లో మెగస్తనీస్

విందుకు కూర్చున్న ప్రతి మనిషి ముందూ గిన్నె నిలిపేందుకు ఒక చిన్న బల్ల వేస్తారు. దాని మీద బంగారు గిన్నె పెడతారు. అందులో ముందు ఉడికించిన అన్నం, ఆ తర్వాత ఈ దేశపు పద్ధతిలో వండిన రకరకాల కూరలు వడ్డిస్తారు. చంద్రగుప్త మౌర్యుడి కాలంలో, అంటే క్రీ.పూ. 300 ప్రాంతంలో, భారతదేశానికి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ తన ‘ఇండికా’ రెండో సంపుటంలో రాసిన సంగతి ఇది. ఇరవై మూడు వందల ఏళ్ల కిందటి వడ్డనే అయినా ఇప్పటికీ మనకు తెలిసిన వరసే. అయితే ఈ కొద్ది వాక్యాలు మనకు చేరింది మెగస్తనీస్ పుస్తకం ద్వారా కాదు. ఆయన తర్వాత దాదాపు ఐదు వందల ఏళ్లకు, క్రీ.శ. 200 ప్రాంతంలో, ఈజిప్టులో పుట్టిన అథెనియస్ అనే గ్రీకు రచయిత పండితులు విందులో కూర్చుని మాట్లాడుకునే తీరులో ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఏ దేశంవాళ్లు ఎలా తింటారో చెప్పాల్సిన చోట మెగస్తనీస్‌ను తలచుకుని, తనకు కావలసిన ముక్క తీసుకుని ముందుకు సాగిపోయాడు. ఆ ముక్కకు ముందు ఇండికాలో ఏముందో, వెనక ఏముందో ఆయనకు అక్కర్లేదు. ఆ విందు ఎవరింట్లోదో, ఏ సందర్భంలోదో మనకు తెలియకుండా పోయింది.

ఇండికా మొత్తం పరిస్థితి ఇదే. అసలు పుస్తకం దొరకలేదు. పాత గ్రీకు పుస్తకాలు పపైరస్ చుట్టల మీద ఉండేవి. ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ నకలు రాస్తూ ఉంటేనే అవి బతికేవి. నకళ్లు ఆగిపోయిన పుస్తకం కాలక్రమంలో మాయమయ్యేది. ఇండికా అలాగే పోయింది. మనం మెగస్తనీస్ ఖండికలు అంటున్నవి చిరిగిన పపైరస్ ముక్కలు కావు. స్ట్రాబో, డియొడోరస్, అరియన్, ప్లినీ, జోసెఫస్, అలెగ్జాండ్రియా క్లెమెంట్ వంటి తర్వాతి కాలపు రచయితలు తమ తమ పుస్తకాల్లో ఆయన పేరు చెప్పి ఎత్తిరాసిన, కుదించిన, ఖండించిన వాక్యాలు. పెద్ద ఇల్లు కూలిపోతే ఊళ్లోవాళ్లు తలుపొకరు, దూలమొకరు, గడపొకరు పట్టుకుపోయి ఎవరి ఇంట్లో వాళ్లు బిగించుకున్నట్టు జరిగింది. ఆ తలుపును చూసి పోయిన ఇంటి గురించి మాట్లాడేటప్పుడు, ఇప్పుడది ఎవరింట్లో ఉందో, వాళ్లు దాన్ని ఎంత కోసి బిగించారో ముందు చూడాలి. మౌర్యుల కాలం గురించి రాసేటప్పుడు మనం చేయవలసిన ఈ పని చాలాసార్లు చేయడం లేదని నా అభిప్రాయం. ‘మెగస్తనీస్ ఇలా అన్నాడు’ అనే ప్రతి వాక్యానికీ ఇద్దరు రచయితలుంటారు. రెండోవాణ్ణి మరిచిపోతే మొదటివాణ్ణి అబద్ధాలకోరుగానో, తిరుగులేని సాక్షిగానో చేసేస్తాం. ఆ రెండూ ఆయనకు అన్యాయమే.

యూదుల చరిత్రకారుడు జోసెఫస్ ఉదాహరణ చూడండి. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో రాస్తూ ఆయన, బాబిలోన్ రాజు నెబుకద్నెజరు పరాక్రమంలో హెరాక్లిస్‌ను మించినవాడని, లిబియానూ ఐబీరియానూ జయించాడని మెగస్తనీస్ ఇండికా నాలుగో సంపుటంలో చెప్పాడంటాడు. జెరూసలేమును నాశనం చేసిన రాజు కాబట్టి అతని గొప్పతనానికి గ్రీకుల సాక్ష్యం జోసెఫస్‌కు కావాలి. ఈ ఒక్క ఖండికే మిగిలి ఉంటే, భారతదేశం గురించిన పుస్తకంలో బాబిలోన్ రాజు పొగడ్త ఎందుకొచ్చిందని తల పట్టుకునేవాళ్లం. అదృష్టవశాత్తూ అదే భాగాన్ని భూగోళ రచయిత స్ట్రాబో కూడా వాడుకున్నాడు. ఆయన పుటల్లో అసలు సందర్భం కనిపిస్తుంది. భారతీయులు ఎన్నడూ బయటి దేశాల మీదికి దండెత్తలేదు, బయటివాళ్లు కూడా హెరాక్లిస్, డయోనైసస్ మినహా అలెగ్జాండర్ దాకా ఈ దేశాన్ని జయించలేదు అని మెగస్తనీస్ చెప్పదలచుకున్నాడు. అందుకు ఈజిప్టు రాజు సెసోస్ట్రిస్‌నూ, నెబుకద్నెజరునూ ఉదాహరణగా తెచ్చాడు. ప్రపంచం ఆ కొసదాకా వెళ్లిన ఇంతటి విజేతలు కూడా భారతదేశం జోలికి రాలేదన్నది ఆయన వాదన. అంటే జోసెఫస్ చేతిలో బాబిలోన్ కీర్తిగా కనబడే వాక్యం, దాని సొంత చోట భారతదేశపు ప్రత్యేకతకు రుజువు. మాట మారలేదు, దాని పని మారిపోయింది. ఇలా రెండో ప్రతి దొరికి పోల్చుకోగలిగిన ఖండికలు తక్కువ. పోల్చుకోలేని ఖండికల్లో ఎన్ని ఇలా తమ సందర్భం నుంచి తెగిపోయాయో ఊహించుకోవచ్చు.

ఇంకా దగ్గరగా చూడాలంటే రైతు చెల్లించే శిస్తు దగ్గరికి రావాలి. మౌర్యుల ఆర్థిక వ్యవస్థ మీద రాసిన ఏ పుస్తకమైనా ఈ చోటికి వచ్చి తీరుతుంది. డియొడోరస్ ప్రకారం దేశంలోని భూమంతా రాజుది, ఎవరికీ సొంత భూమి ఉండదు, రైతులు భూమికి కౌలు కట్టడమే కాక పంటలో నాలుగో వంతు కూడా ఖజానాకు చెల్లిస్తారు. స్ట్రాబో ప్రకారం భూమంతా రాజుదే కానీ, రైతులు పంటలో నాలుగో వంతు కూలిగా తీసుకుని దాన్ని సాగు చేస్తారు. అరియన్ దగ్గరికి వచ్చేసరికి రాజు సొత్తు అన్న మాట కానీ, నాలుగో వంతు లెక్క కానీ లేదు. రైతులు రాజులకూ, స్వయంపాలన ఉన్న నగరాలకూ పన్నులు కడతారని చెప్పి ఊరుకున్నాడు. ముగ్గురూ ఎత్తుకున్నది ఇండికాలోని ఒకే భాగం. భారతీయులు ఏడు వర్గాలుగా ఉంటారని చెబుతూ రెండో వర్గంగా రైతుల్ని వర్ణించిన భాగం అది. పక్క పొలంలో సైన్యాలు పోరాడుకుంటున్నా రైతు నిర్భయంగా దున్నుకుంటాడు, అతని జోలికి ఎవరూ రారు అన్న సంగతి ముగ్గురిలోనూ ఉంది కాబట్టి ఆ విషయంలో అనుమానం లేదు. శిస్తు దగ్గరే లెక్క చెదిరింది. డియొడోరస్ మాట నిజమైతే రైతు దగ్గర మూడొంతులకు తక్కువే మిగిలింది. స్ట్రాబో వాక్యాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే మూడొంతులు రాజుకు పోయి, రైతుకు ఒక్క వంతే దక్కింది. అరియన్ చెప్పిన స్వయంపాలిత నగరాలు మిగతా ఇద్దరూ వదిలేసిన సంగతి అయితే, భూమంతా ఒకే రాజుదన్న మాట కూడా కదిలిపోతుంది. ఈ తేడాలన్నిటికీ మెగస్తనీస్‌ను బాధ్యుణ్ణి చేయలేం. ఒక మనిషి ఒకే చోట మూడు లెక్కలు రాయడు. కుదించినవాళ్ల చేతుల్లో ఎక్కడో ఒక చోట, బహుశా ఒకటికి మించిన చోట్ల, మాట జారిపోయింది. వీటిలో ఒక్క లెక్కనే పట్టుకుని ‘మెగస్తనీస్ ప్రకారం మౌర్యుల శిస్తు ఇంత’ అని తేల్చి రాసేవాళ్లు నిజానికి ముగ్గురు సాక్షుల్లో ఇద్దరిని బయటికి పంపి తీర్పు చెబుతున్నారు.

పైగా ఆ ముగ్గురిలో డియొడోరస్ తన భారతదేశ వర్ణనలో ఎక్కడా మెగస్తనీస్ పేరే ఎత్తలేదు. అరియన్, స్ట్రాబో ఆయన పేరు చెప్పి రాసిన విషయాలే అక్కడా అదే వరసలో కనిపిస్తాయి కాబట్టి డియొడోరస్‌దీ ఇండికా సంగ్రహమేనని పండితులు నిర్ణయించారు. 1846లో జర్మనీలోని బాన్ నగరంలో ష్వాన్‌బెక్ అనే పండితుడు ఈ ఖండికలన్నిటినీ మొదటిసారి ఒక చోట చేర్చి అచ్చు వేసినప్పుడు డియొడోరస్ సంగ్రహాన్ని మొదట్లోనే నిలబెట్టాడు. 1877లో మెక్‌క్రిండిల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు. మన దేశంలో తరతరాల చరిత్ర విద్యార్థుల చేతికి మెగస్తనీస్ అంటే అందింది ఆ అనువాదమే. ఇరవయ్యో శతాబ్దంలో ఫెలిక్స్ జాకోబీ, పోయిన గ్రీకు చరిత్రకారులందరి ఖండికలనూ సంపుటాలుగా వెలువరించే మహాకార్యం తలకెత్తుకుని, మెగస్తనీస్‌కు 715వ సంఖ్య ఇచ్చాడు. ఈ సంకలనాలు లేకపోతే మనకు దారీతెన్నూ ఉండేది కాదు. ఆ పండితుల శ్రమకు చేతులెత్తి నమస్కరించాల్సిందే. కానీ అట్ట వేసి, వరసగా అంకెలు వేసి, పైన మెగస్తనీస్ పేరు పెట్టగానే అది ఆయన పుస్తకంలా కనబడుతుంది. పేరు చెప్పి ఎత్తిన వాక్యమూ, పేరు చెప్పని సంగ్రహమూ, పండితుడి ఊహతో చేరిన భాగమూ ఒకే అచ్చులో పక్కపక్కన ఉన్నప్పుడు తేడా చూసుకునే ఓపిక అందరికీ ఉండదు.

ఇక అబద్ధాలకోరు అన్న నింద. ఇది స్ట్రాబో వేసింది. భారతదేశం గురించి రాసినవాళ్లంతా చాలావరకు అబద్ధాలు చెప్పారు, అందరిలోకీ డైమాకస్ ముందు, ఆ తర్వాత మెగస్తనీస్ అని ఆయన తీర్మానించాడు. చెవుల్లో పడుకునే మనుషులు, నోరులేని మనుషులు, ఒంటికన్ను మనుషులు, బంగారం తవ్వే చీమలు ఇలాంటివన్నీ రాశారని ఆయన కోపం. చిత్రమేమిటంటే, మరో చోట అదే స్ట్రాబో ఈ వింత మనుషుల జాబితా ఇస్తూ, వాళ్లలో పలువురి గురించి తనకు ఈ దేశపు తత్త్వవేత్తలు చెప్పినట్టు మెగస్తనీస్ రాశాడని నమోదు చేశాడు. బంగారు చీమల విషయంలో అరియన్ మరింత స్పష్టంగా ఉన్నాడు. మెగస్తనీస్ చెబుతున్నది విన్నమాట, తన దగ్గర అంతకన్నా గట్టి సమాచారం లేదు కాబట్టి చీమల సంగతి వదిలేస్తున్నానన్నాడు. చూసినదానికీ విన్నదానికీ మధ్య గీత ఎత్తిరాసినవాళ్ల పుటల్లో కూడా ఇంకా చెరిగిపోలేదన్నమాట. ఆ విన్నమాటలు మెగస్తనీస్ సొంత కల్పనలు కావని చెప్పడానికి మన దగ్గరే సాక్ష్యముంది. చెవులే కప్పుకునే కర్ణప్రావరణులు, ఒంటికాలి మనుషులు మహాభారతంలో ఉన్నారు. ధర్మరాజు రాజసూయానికి ఉత్తరాదివాళ్లు తెచ్చిన కానుకల్లో చీమలు తవ్వితీసిన పిపీలిక బంగారం ఉన్నట్టు సభాపర్వం చెబుతుంది. గంగ ఒడ్డున జనం నోట నానుతున్న కథలను ఒక విదేశీ రాయబారి శ్రద్ధగా రాసుకున్నాడు. ఆ రోజుల్లో ఇక్కడివాళ్లు తమ సరిహద్దుల అవతలి మనుషుల్ని ఎలా ఊహించుకునేవారో తెలియడానికి ఇలా తేదీ తెలిసిన ఆధారం అరుదు. స్ట్రాబో దాన్ని అబద్ధమన్నాడు. నాకది విలువైన సాక్ష్యంగా కనబడుతోంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. తప్పులన్నీ ఎత్తిరాసినవాళ్ల మీదికి నెట్టి మెగస్తనీస్‌ను కాపాడుతున్నారా అని. ఆ ఉద్దేశం లేదు. భారతదేశంలో బానిసలు లేరన్న ఆయన మాటే తీసుకుందాం. అరియన్, స్ట్రాబో, డియొడోరస్ ముగ్గురిలోనూ ఇది ఉంది కాబట్టి ఆయన ఆ మాట అన్నాడనడంలో సందేహం లేదు. అది నిజం కాదనడంలోనూ సందేహం లేదు. చంద్రగుప్తుడి మనవడు అశోకుడు తన పెద్ద శిలాశాసనాల్లో దాసులనూ సేవకులనూ సరిగా చూడమని ప్రజలకు చెప్పాడు. ఆ శాసనాల ప్రతి ఒకటి కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద ఇప్పటికీ ఉంది. అర్థశాస్త్రంలో దాసుల గురించిన నియమాలున్నాయి. మెగస్తనీస్‌నే సాక్షిగా పెట్టుకుని స్ట్రాబో, రాజు ఒంటి సేవకు ఉండే స్త్రీలను తల్లిదండ్రుల దగ్గర కొంటారని కూడా రాశాడు. కాబట్టి ఆయన పొరబడ్డాడు, లేదా గ్రీకు నగరాల్లో తాను ఎరిగిన బానిసత్వం లాంటిది కనబడక లేదనుకున్నాడు. అయితే ఆ పొరపాటు ఎంత పెద్దదన్నది మళ్లీ ఎవరి పుటలు చదువుతున్నామన్న దాని మీదే ఆధారపడి ఉంది. అరియన్‌లో అది స్పార్టాతో పోలిక. స్పార్టావాళ్లకు హెలట్లు అనే బానిసలున్నారు, భారతీయులకు పరాయి దేశస్థుడైనా బానిస కాడు అని. డియొడోరస్‌లో అది ప్రాచీన తత్త్వవేత్తలు పెట్టిన సమానతా ధర్మంగా మారింది, ఎవరి మీదా పెత్తనం చేయనివాళ్లు, ఎవరికీ తలవంచనివాళ్లు బాగా బతుకుతారన్న బోధతో సహా. స్ట్రాబో వెంటనే మరో రచయిత ఒనెసిక్రిటస్‌ను ముందుకు తెచ్చి, బానిసలు లేకపోవడం సింధు ప్రాంతంలోని ముసికనస్ రాజ్యానికే ప్రత్యేకమని ఆయన అంటున్నాడు చూడండి అని ఇద్దరి మధ్యా తగవు పెట్టాడు. ఒకరిది పోలిక, ఒకరిది నీతి, ఒకరిది వాదం. పొరపాటు మెగస్తనీస్‌దే, దాని మీది రంగులు మాత్రం వాళ్లవి.

దీనికన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. ప్రతి వాక్యం మీదా అనుమానమే అయితే ఇక ఈ ఖండికలతో పనేముంది, పక్కన పెట్టేయవచ్చు కదా అని. నా సమాధానం పాటలీపుత్రం. గంగ, ఎరన్నోబోయస్ నదుల కలయికలో ఉన్న ఆ నగరం పొడవు 80 స్టేడియాలు, వెడల్పు 15 స్టేడియాలని అరియన్, స్ట్రాబో ఇద్దరూ చెప్పారు. మన లెక్కలో పద్నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవు, రెండున్నర కిలోమీటర్లకు పైగా వెడల్పు. చుట్టూ కర్రగోడ, బాణాలు వేయడానికి అందులో రంధ్రాలు, బయట కందకం ఉన్నాయని స్ట్రాబో చెప్పాడు. నదుల ఒడ్డున ఉన్న నగరాలను వరదల వల్ల కర్రతోనే కడతారు, ఇటుకలతో కట్టినవి నిలవవు అని కారణం చెప్పినవాడు అరియన్. ఎరన్నోబోయస్ అంటే హిరణ్యబాహు, అంటే శోణ నదేనని సంస్కృత గ్రంథాల సాయంతో గుర్తించి, ఆ నగరం పాటలీపుత్రమనీ, గ్రీకుల సాండ్రకోటస్ చంద్రగుప్తుడనీ 1793లో కలకత్తాలో ప్రకటించినవాడు విలియం జోన్స్. భారతదేశపు ప్రాచీన చరిత్రకు మొదటి గట్టి తేదీ అలా దొరికింది. ఆ తర్వాత పాట్నాలో బులందీబాగ్ దగ్గర తవ్వకాల్లో భూమి లోతున భారీ దుంగలతో కట్టిన కర్రగోడ బయటపడింది. అనుమానం ఖండికల్ని పారేయమని చెప్పదు, వాటికి తూకం వేయమంటుంది. ఇద్దరు విడివిడిగా చెప్పిన కొలతకు ఒక విలువ, నేలలో దొరికిన గోడకు అంతకు మించిన విలువ. కోటకు 570 బురుజులు, 64 ద్వారాలు ఉన్నాయన్న అంకెలు మాత్రం అరియన్‌లోనే కనిపిస్తాయి కాబట్టి వాటి తూకం తక్కువ. అబద్ధమని కాదు, సరిచూసుకునే దారి ఇంకా దొరకలేదని. అర్థశాస్త్రంతో పోల్చి, పాటలీపుత్రాన్ని ఐదుగురేసి సభ్యులున్న ఆరు సంఘాలు నడిపేవన్న మాట అందులో లేదు కాబట్టి మెగస్తనీస్ తప్పు అనేవాళ్లున్నారు. అర్థశాస్త్రం రాజ్యం ఎలా నడవాలో చెప్పే శాస్త్రం. ఇండికా ఒక నగరం ఎలా నడుస్తోందో చెప్పే వర్ణన. ఒకదాన్ని కొలబద్దగా చేసి రెండోదాన్ని కొట్టేయడం సరికాదు.

ఇదే తూకం మన తెలుగు ప్రాంతపు చరిత్రకూ వేయాలి. ఆంధ్రులకు ప్రాకారాలు, బురుజులు ఉన్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రపు దళం, 1,000 ఏనుగులు ఉండేవని మెగస్తనీస్ రాశాడని మన పుస్తకాలు ఎన్నో దశాబ్దాలుగా చెబుతూ వస్తున్నాయి. ధూళికట్ట లాంటి చోట కోటగోడ ఆనవాలు బయటపడితే ఆ ముప్పైలో ఇదొకటని రాస్తారు. ఈ అంకెలు దొరికేది రోమన్ రచయిత ప్లినీ క్రీ.శ. 77లో ముగించిన విజ్ఞాన సర్వస్వంలో. ఆంధ్రుల గురించిన ఆ వాక్యంలో మెగస్తనీస్ పేరు లేదు. కొంచెం ముందు, భారత రాజుల దగ్గర ఉండి వచ్చి ఈ దేశపు జాతుల బలాలను తెలిపిన గ్రీకు రచయితలుగా ప్లినీ ఇద్దరిని పేర్కొన్నాడు. ఒకరు మెగస్తనీస్, రెండోవాడు ఈజిప్టు రాజు టాలెమీ ఫిలడెల్ఫస్ పంపిన డయోనీసియస్. ఫిలడెల్ఫస్ పాలన క్రీ.పూ. 246 దాకా సాగింది. అంటే ఆ అంకెలు చంద్రగుప్తుడి కాలానివి కావచ్చు, బిందుసారుడి, అశోకుడి కాలానివి కావచ్చు. ప్లినీ జీవించిన రోజుల్లో శాతవాహనులు ఉన్నారు కాబట్టి అవి వాళ్ల కాలపు కబుర్లేమో అనేవాళ్ల వాదన కూడా వినదగ్గదే. కానీ అదే జాబితాలో పాటలీపుత్రపు ప్రాసీలు అందరినీ మించినవాళ్లని, వాళ్ల రాజుకు ఆరు లక్షల కాల్బలం, 9,000 ఏనుగులు ఉన్నాయని ప్లినీ రాశాడు. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో మగధకు అంత బలం లేదు. కాబట్టి జాబితా మూలం మౌర్యుల కాలానిదేనని నాకు నమ్మకం. అశోకుడి పదమూడో శిలాశాసనం ఆంధ్రులను తన ఏలుబడిలోని జనాల్లో చేర్చింది. వాళ్లకు సొంత రాజు, అంత పెద్ద సైన్యం ఉన్న రోజులు అంతకు ముందువి కావాలి, లేదా మౌర్యుల పెద్దరికం కింద ఆంధ్ర రాజు తన బలంతోనే కొనసాగి ఉండాలి. ఈ ప్రశ్న మన చరిత్రకు ఎంతో ముఖ్యం. ‘మెగస్తనీస్ చెప్పాడు’ అని రాసిన మరుక్షణం అది ప్రశ్నగా కనబడడం మానేస్తుంది. అందుకే మన పాఠ్యపుస్తకాల్లో ఆ వాక్యాన్ని మార్చాలి. ముప్పై కోటపట్టణాల మాట ప్లినీదని, క్రీ.శ. 77 నాటిదని, దాని వెనక మౌర్యుల కాలపు గ్రీకు రాయబారుల సమాచారం ఉండవచ్చునని, వాళ్లలో ఒకరు మెగస్తనీస్ అని పిల్లలకు చెప్పాలి.